అచ్చుకిచ్చిన చెయ్యి

రంగులాయన కూతురు గాజుగిన్నెలో చెయ్యి పెంచుతోందట. ఐదువేళ్ళూ వచ్చేశాయట, చిటికెనవేలికి గోరొక్కటే ఇంకా రావాలట. పొద్దున్నే పాలు పోస్తోందట, అవీ చిక్కటి పాలట. మేడమీదావిడ ఈ సంగతి తన కళ్ళతో చూసినట్టు దర్జీకి చెప్పింది. దర్జీ తన చెవులతో విన్నాడు కాబట్టి నిజమేనని రంగులాయన భార్యకు చెప్పాడు. కుట్టడానికిచ్చిన దిండు గలీబులు తెచ్చుకుందామని వెళ్ళిన మనిషి, గలీబులు అక్కడే మరిచిపోయి వార్తను మాత్రం ఒలక్కుండా ఇంటికి మోసుకొచ్చింది.

"గోళ్ళు కూడా వస్తున్నాయట! వాటిని కత్తిరించేదెవరో కూడా అడిగి రావాల్సింది," అంది భర్తతో. "అసలీ మాటని మేడెక్కించిందెవరు?"

రంగులాయన ముందుగదిలో పాత చట్రానికి గుడ్డ బిగుతుగా ఉందో లేదో ఎడమచేతి వేళ్ళతో తట్టి చూస్తున్నాడు. కుడిచెయ్యి ఒళ్ళో నిద్రపోతున్న పిల్లిలా పడి ఉంది.

"నేనంత అనలేదు. చెయ్యి ఎలా ఉందని అడిగితే 'మా అమ్మాయి చూస్తోంది, అయ్యాక చూద్దురుగాని' అన్నాను. పాలు నేను పోయలేదు. ఆవిడే పోసుకుంది."

"మీరు గిన్నె పెడితే ఆవిడ పాలు పోసింది. నేను వెళ్ళి తోడు పెట్టి వస్తాను, ఇంక కవ్వం మీరు పట్టుకోండి!"

ఆ వీధిలో రంగులాయన అంటే తెలియనివాళ్ళు లేరు. చట్రానికి బిగించిన సన్నటి గుడ్డమీద రంగు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే కింది కాగితంమీద అచ్చు పడుతుంది. ఆ ఒక్క లాగులోనే ఉంది విద్యంతా. దుకాణాల సంచులు, బడిపిల్లల బ్యాడ్జీలు, అన్నిటికంటే ఎక్కువగా పెళ్ళికార్డులు ఆ ముందుగదిలోంచే వెళ్ళేవి. ఇంటావిడకు ఆ కార్డులంటేనే ఒళ్ళుమంట. "వీధిలో అందరి పెళ్ళిళ్ళకీ బంగారు అక్షరాలు. నా పెళ్ళికి మాత్రం నోటిమాట," అని దెప్పుతూ ఉండేది. వాళ్ళ పెళ్ళినాటికి ఆయనకు చట్రం కాదుగదా, చట్రానికి కొట్టే మేకు కూడా లేదు మరి.

అలాంటి మనిషి తన సొంత బోర్డును తనే తగిలించుకుంటానని నిచ్చెనెక్కి పడ్డాడు. జబ్బ ఎముక విరిగింది. ఎముక బుద్ధిమంతురాలిలా అతుక్కుంది గాని, దాన్ని ఆనుకుని పోయే నరం మాత్రం అలిగింది. డాక్టర్లు కుట్టి చూశారు. ఏడాది దాటినా నరం అలక దిగలేదు. మణికట్టు వాడిన పూలకాడలా వేలాడిపోయింది. వేళ్ళు ముడుచుకుంటాయి, తమంతట తాము తెరుచుకోవు. అవి బిగుసుకుపోకుండా రోజూ పొద్దున్నే ఇంటావిడ నూనె రాసి ఒక్కొక్క వేలినీ వెనక్కి వంచుతుంది. "పెళ్ళైన కొత్తలోనే మీ పిడికిలి ఇలా విప్పి ఉండాల్సింది," అంటుంది వంచుతూ. ఆయన నవ్వుతాడు. నొప్పి పుట్టినప్పుడు ఇంకా గట్టిగా నవ్వుతాడు.

ఇక కూతురి సంగతి. చెడిపోయిన కండనూ నరాన్నీ మళ్ళీ పెంచే దారులు వెతికే పెద్ద ప్రయోగశాలలో ఆమెకు ఉద్యోగం. అక్కడ ఆమె చేసేదీ అచ్చు పనే. కాకపోతే కాగితంమీద కాదు, ఉల్లిపొర కంటే పల్చటి పొరమీద. రంగుతో కాదు, కంటికి ఆనని బంగారు రేణువులు కలిపిన సిరాతో. ఆ సిరాగీతలు ఆరాక కరెంటు తీగల్లా పనిచేస్తాయి. వాటిమీద బతికున్న కణాలను పరిచి, చీమ కుట్టినంత కూడా కాని కరెంటు ఇచ్చి, అవి ఎటు పెరుగుతాయో చూస్తారు. నాన్న పడక ముందు ఆమె గుండె కణాల బల్ల దగ్గర ఉండేది. పడ్డ తర్వాత తనే అడిగి నరాల బల్లకు మారింది. ఎందుకు మారిందో ఆమె చెప్పలేదు. ఆయన అడగలేదు. ఇద్దరూ ఒకటే అనుకున్నారని మాత్రం ఇద్దరికీ తెలుసు.

ఒకనాటి ఉదయం రంగులాయన తన కుడి అరచేతికి నల్లసిరా పూసుకుని, భార్య చేత వేళ్ళు సాపు చేయించి, దళసరి అట్టమీద అచ్చు వేయించాడు. ఆరాక తెచ్చి కూతురికిచ్చాడు.

"ఇదిగో బుల్లీ, అసలు. కొలత తప్పకూడదు."

ఆమె నవ్వి అందుకుంది. అందుకోవడంలోనే వచ్చింది చిక్కంతా.

ఎందుకంటే రంగులాయన చేసిన వృత్తిలో ఒక కట్టుబాటు ఉంది. అచ్చుకిచ్చిన అసలు కాగితాన్ని అందుకున్నారంటే ఒప్పుకున్నట్టే. ఒకచోట ఒప్పుకున్న పనిని ఇచ్చినవాడు ఇంకోచోటికి తీసుకెళ్ళకూడదు. అది అవతలివాడి ముఖాన ఉమ్మేయడం. పని చేయలేనివాడు తనే వచ్చి, వీధి గుమ్మంలోంచి వచ్చి, ఇచ్చిన కాగితాన్ని రెండు చేతులతో తిరిగిచ్చి, 'మా వల్ల కాదు, ఫలానా చోట వేయించుకోండి' అని నోటితో చెప్పాలి. కబురంపితే చెల్లదు. మఖమల్ అట్టమీద వెండిరంగు నిలవక ఓ కార్డు పని పాడైనప్పుడు, రంగులాయన పసిపిల్ల కూతురిని సైకిలు ముందు కూర్చోబెట్టుకుని పెళ్ళివారింటికి వెళ్ళి అలాగే తిరిగిచ్చి వచ్చాడు.

గలీబుల కబురు వచ్చిన వారంలోనే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళారు మొగుడూ పెళ్ళామూ. డాక్టరు వేళ్ళను వంచి చూసి ముఖం చిట్లించాడు.

"కీళ్ళు బిగుస్తున్నాయండీ. ఆ నరం ఇంక రాదు, దానిమీద ఆశ వదిలేయండి. కిందివైపు బాగా పనిచేసే కండలున్నాయి. వాటిలో ఒకటి రెండింటి కొసలు తప్పించి పైవైపుకు కడతాను. మణికట్టు లేస్తుంది, వేళ్ళు తెరుచుకుంటాయి. మునుపటి చెయ్యి రాదు గాని, పనికొచ్చే చెయ్యి వస్తుంది. కీళ్ళు పూర్తిగా బిగుసుకున్నాక వస్తే మాత్రం నేనూ ఏం చేయలేను."

"చాలా మంచిమాట చెప్పారు," అన్నాడు రంగులాయన ఎంతో మర్యాదగా. "కానీ ఈ పని ఇదివరకే ఒకచోట ఇచ్చామండీ."

డాక్టరు ఇంటావిడ వంక చూశాడు. ఆవిడ పైకప్పు వంక చూసింది.

సాయంత్రం కూతురు చెప్పులు విప్పుతుండగానే తల్లి మెట్లమీద అడ్డంగా కూర్చుంది.

"ఇవాళ పొద్దున ఉంగరం వేలు సగం కూడా రాలేదు. నా బలమంతా పెట్టాను, రాలేదు. ఆయన నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నాయి. అరచేతిలో వైకుంఠం చూపించావు, ఇప్పుడు ఆ అరచెయ్యే పోతోంది. నువ్వు వేసిన ముడి, నువ్వే విప్పు."

"నేనెప్పుడూ చేసిస్తానని అనలేదమ్మా."

"కాదని కూడా అనలేదుగా!"

కూతురికి ఆ మాట ములుకులా దిగింది. నిజమే, అనలేదు. ఇన్నేళ్ళయినా ఇంకా చదువేనా అని చుట్టాలడుగుతారు. జీతమెంతని మేడమీదావిడ అడుగుతుంది. 'ఇవాళ గీత ఎలా పడిందే?' అని అడిగేవాడు ప్రపంచం మొత్తంమీద నాన్నొక్కడే. ఆ ప్రశ్న కోసమే ఆమె బస్సు దిగి గబగబా నడిచి వచ్చిన సాయంత్రాలున్నాయి.

తీసుకెళ్ళి చూపిస్తే ఆయనకే అర్థమవుతుందనుకుంది. మర్నాడు ప్రయోగశాలకు వెంటబెట్టుకెళ్ళింది. తలకు టోపీ, ఒంటికి తెల్లకోటు, బూట్లకు సంచులు తొడిగేసరికి రంగులాయన అద్దంలో చూసుకుని, "మీ అమ్మ చూస్తే జడుసుకుంటుంది," అన్నాడు.

ఆమె బల్ల పైన గోడకు ఆయన నల్లటి అరచెయ్యి అంటించి ఉంది. వచ్చేపోయే కుర్రకారంతా ఆయన్ని చూసి, గోడను చూసి, "ఈ చెయ్యి మీదేనాండీ?" అని పలకరించారు. తానెవరో వాళ్ళకు తెలియకపోయినా తన అరచేతి గీతలు తెలుసు. రంగులాయన గొంతు సవరించుకున్నాడు.

సిరా సీసా చూపించింది. దానిమ్మ రసంలా ఎర్రగా ఉంది. అలవాటు చొప్పున మూత తీసి వాసన చూడబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఇది బంగారమా? ఎర్రగా ఉందేం?"

"అంత సన్నగా నూరితే బంగారం ఎర్రగానే ఉంటుంది నాన్నా. అచ్చు వేసి వేడి చూపిస్తే రేణువులన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని మళ్ళీ పసుపు రంగుకొస్తాయి."

"చూశావా! నేను జీవితమంతా ఇత్తడిపొడిని బంగారమని నమ్మించాను. నువ్వు అసలు బంగారాన్ని బంగారమంటే ఎవరూ నమ్మకుండా చేశావు." తర్వాత అచ్చు యంత్రం సూదిని వంగి చూసి, "దీని గొంతు పూడుకుంటోందన్నావే, నేను చెప్పినట్టు సిరా పల్చబడే మందు రెండు చుక్కలు వేశావా?" అన్నాడు.

"వేశాను. గీత బ్రహ్మాండంగా పడింది. దానిమీద పరిచిన కణాలన్నీ తెల్లారేసరికి చచ్చిపోయాయి."

రంగులాయన కాసేపు నొచ్చుకున్నాడు. "మరి నా సిరాలో ఎప్పుడూ ఎవరూ కాపురం పెట్టలేదమ్మా," అన్నాడు.

ఆమె నవ్వుతూనే సూక్ష్మదర్శిని ముందు కూర్చోబెట్టింది. నల్లటి నేలమీద ఆకుపచ్చ పోగులు. సన్నగా, వణుకుతున్నంత సన్నగా, అన్నీ ఒకే దిక్కుకు వరసకట్టి పోతున్నాయి. కనబడటానికి ఆ రంగు తామే వేశామనీ, కింద సిరాగీత లేనిచోట అవి సంతలో తప్పిపోయిన పిల్లల్లా తలో దిక్కూ పోతాయనీ, గీత ఉంటే దాన్ని వేలిలా పట్టుకుని నడుస్తాయనీ చెప్పింది. రంగులాయన కన్ను తీయలేదు. చాలాసేపటి తర్వాత, "గీత దాటి ఒక్కటి పోలేదే," అన్నాడు మెల్లగా. వృత్తిలో ఆయన అంతకుమించి మెచ్చుకున్న దాఖలా లేదు.

"ఎంత పొడుగుంటుందిది?"

"బియ్యపు గింజలో సగం నాన్నా."

రంగులాయన ఎడమచెయ్యి తనకు తెలియకుండానే కుడి జబ్బమీదికి పోయింది. నరం తెగిన చోటునుంచి మోచెయ్యి దాకా జానవేసి చూసింది. అక్కడే ఆగిపోయింది.

ఇప్పుడు చెప్పాలి అనుకుంది ఆమె. నోరు తెరిచింది కూడా. సరిగ్గా అప్పుడే ప్రొఫెసరుగారు లోపలికి వచ్చి నమస్కారం పెట్టారు. రంగులాయన లేచి నిలబడి, "నా పనికి తొందరేం లేదండీ," అన్నాడు. "మొదటి అచ్చు ఎప్పుడూ సరిగ్గా రాదు. నిదానంగానే చేయమన్నాను అమ్మాయిని."

ప్రొఫెసరుగారు ఆమె వంక చూశారు. ఆమె తన బూట్లకు తొడిగిన సంచుల వంక చూసుకుంది.

మరుసటి ఉదయం ఇంట్లో నూనె వేడవుతోంది. రంగులాయన ముందుగదిలో కూర్చుని ఉన్నాడు. వీధి తలుపు ఎవరో కొట్టారు.

"తీసే ఉంది, రండి!"

వచ్చింది కూతురు. కడిగిన ముఖం, ఉతికిన బట్టలు. పెరటి గుమ్మంలోంచి బయటికెళ్ళి, ఇల్లు చుట్టి, వీధివైపు నుంచి వచ్చింది.

"ఏంటే, లోపల్నించి రాకుండా..." అనబోయి ఆగిపోయాడు. ఆమె రెండు చేతుల్లోనూ ఉన్న అట్టను చూశాడు. గోడనుంచి తీసిన అతుకు కాగితం నాలుగు మూలలా ఇంకా వేలాడుతోంది.

కాసేపు చూసి, పనివ్వడానికి వచ్చేవాళ్ళు కూర్చునే ముక్కాలి పీటను కాలితో ముందుకు తోశాడు.

"కూర్చోండి."

ఆమె కూర్చోలేదు. "మీరిచ్చిన పని అండీ..." అంది. మళ్ళీ మొదలుపెట్టింది. "మీరిచ్చిన ఈ పని మా వల్ల కాదండీ."

"ఆలస్యమవుతుందా, అసలు కాదా?"

"మీ చేతికైతే కాదండీ. ఇంకా ఎలుకల దాకా కూడా పోలేదు మేము. మనుషుల దాకా ఎప్పుడొస్తామో చెప్పలేను. అప్పటిదాకా మీ వేళ్ళు ఆగవు."

"ఈ ముక్క పని అందుకున్న రోజే చెప్పాలి గదండీ మీరు."

"చెప్పాలి." అట్టమీద ఆమె బొటనవేళ్ళు తెల్లబడ్డాయి. "రోజూ నా గీత గురించి అడిగేది మీరొక్కరే. కాదన్నానంటే అడగడం మానేస్తారేమోనని..."

రంగులాయన చట్రంమీది గుడ్డను ఎడమచేతి వేలితో ఓసారి తట్టాడు.

"నేను మాత్రం ఏం తక్కువ తిన్నాను?" అన్నాడు చివరికి. అండీలు ఎటో పోయాయి. "నిన్న ఆ గింజలో సగం చూసినప్పుడే తెలిసింది నాకు. నిన్నేమిటి, అంతకు ముందే తెలుసేమో. కానీ నేను డాక్టరు దగ్గరికి పోతే రంగులాయన కూతురి పని కుదర్లేదనే మాట దర్జీ కొట్టు నుంచి మేడదాకా పాకుతుంది. నా చెయ్యి లేకపోయినా రోజులు గడుస్తున్నాయి. నీ పనిమీద మాట పడితే ఎలా గడుస్తుందని కాచుకు కూర్చున్నా."

"ఇద్దరూ ఇద్దరే!" అని లోపలి గుమ్మంలోంచి వినబడింది. ఇంటావిడ నూనెగిన్నె పట్టుకుని ఎప్పుడు వచ్చి నిలబడిందో. "దొందూ దొందే అన్నట్టు మీరు ఒకళ్ళ పరువు ఒకళ్ళు కాచుకోండి. మధ్యలో ఆ వేళ్ళు వంచలేక చస్తున్నది నేను!" అంటూనే పైటకొంగుతో ముఖం తుడుచుకుంది. నూనె పొగకో, ఇంకెందుకో.

రంగులాయన ఎడమచెయ్యి చాపాడు. మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు.

"పద్ధతి పూర్తి కాలేదు. మీ వల్ల కాకపోతే ఇంకెక్కడికి పోవాలో మీరే చెప్పాలి."

"ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పాత పద్ధతే, కొత్త సొగసులేవీ ఉండవు. కానీ పని చేతికందుతుంది."

"పాత పద్ధతే మంచిది. సరిగ్గా ఆరుతుంది." అట్ట అందుకున్నాడు. ఒళ్ళో పెట్టుకున్నాడు. "నీ బల్ల దగ్గర గోడమీద ఇప్పుడేముంది?"

"ఏం లేదు. తెల్లగా చదరం మిగిలింది."

"ఆర్డరు లేకపోయినా గీతల గురించి అడగొచ్చా?"

ఆమె అప్పుడు కూర్చుంది, ముక్కాలి పీటమీద కాదు, ఆయన కాళ్ళ దగ్గర నేలమీద. "అడక్కపోతే ఊరుకోను," అంది. ఇంటావిడ గిన్నె కింద పెట్టి, భర్త ఉంగరం వేలు కూతురి చేతిలో పెట్టింది. "ఇవాళ నువ్వు వంచు. తెలుస్తుంది."

ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక అసలు తమాషా మొదలైంది. కండను కిందినుంచి పైకి కట్టారు గదా, దానికి పాత అలవాటే. అందుకని మణికట్టు పైకి లేవాలంటే అరచెయ్యి కిందికి తిప్పుతున్నట్టు తలుచుకోమన్నారు. రంగులాయన రోజల్లా గుమ్మంలో కూర్చుని తన చెయ్యితో బేరాలాడేవాడు. పైకి రమ్మంటే రాదు. కిందికి తిరగమంటే పైకి లేస్తుంది. "ఎడ్డెమంటే తెడ్డెమనడం మీకు పుట్టుకతోనే వచ్చు," అంది ఇంటావిడ, "ఇప్పుడు డాక్టరు పుణ్యమా అని మీ చేతికి కూడా వచ్చింది. నాకు ఇన్నేళ్ళలో తెలియలేదు గాని, మీకు కావలసినదానికి అడ్డం చెప్పి ఉంటే సరిపోయేదన్నమాట."

సాయంత్రాలు కూతురు బస్సు దిగి వచ్చేది. "ఎలా పడింది గీత?" అని ఈయన. "ఎంత లేచింది మణికట్టు?" అని ఆమె. ఒకరోజు బియ్యపు గింజ పూర్తయిందని చెప్పింది. ఆయన చేత్తోనే, ఆ చేత్తోనే, భార్య చేతిలోంచి గ్లాసందుకుని బల్లమీద పెట్టి, వేళ్ళు విప్పి వదిలేశాడు. వదిలేయగలగడం ఎంత పెద్ద సంగతో ఆ ఇంట్లో ముగ్గురికే తెలుసు. ముగ్గురూ గ్లాసు వంకే చూస్తూ కూర్చున్నారు.

ఇంకొన్నాళ్ళకు చట్రం దుమ్ము దులిపారు. సెలవునాడు కూతురు చట్రం అంచులు పట్టుకుంటే, రంగులాయన రెండు చేతులతో రబ్బరు పట్టీ పట్టుకుని మొదటి లాగుకు సిద్ధమయ్యాడు. సరిగ్గా ఆ వేళకే గలీబులు గుర్తొచ్చి దర్జీ పట్టుకొచ్చాడు. గలీబులకు తోడు రావలసిన అవసరమేమిటో గాని, వెనకాలే మేడమీదావిడ కూడా వచ్చింది. గుమ్మంలో నిలబడి ఆ చేతిని పైనుంచి కిందిదాకా చూసింది.

"అయితే అన్నయ్యగారూ, ఇది అమ్మాయి చేసిన చెయ్యి కాదటగా? డాక్టరే లోపల ఇటుది అటు కట్టాడట. అయ్యో, ఏమనుకోకండి గాని, అన్నాళ్ళు ఆ గిన్నెల ముందు కూర్చుని కన్నతండ్రికే అక్కరకు రాకపోతే, ఇంకెవరికండీ ఆ పని?"

చట్రంమీద కూతురి చేతులు బిగుసుకున్నాయి. రంగులాయన తలెత్తలేదు. అరచెయ్యి కిందికి తిప్పుతున్నట్టు తలుచుకున్నాడు, మణికట్టు లేచింది. పట్టీని ఈ అంచునుంచి ఆ అంచుకు ఒక్క లాగు లాగాడు. చట్రం ఎత్తి, కింద తడిగా మెరుస్తున్న అక్షరాలను ఓసారి చూసి, అప్పుడన్నాడు:

"ఈ వీధిలో పెళ్ళికార్డులన్నీ ఈ చేత్తోనే వేశాను. మీదీ వేశాను, దర్జీదీ వేశాను. వాటిలో నా పెళ్ళిది ఒక్కటుందేమో చూపించండి."